దేవదాసు వెనకాల ఓ 28 ఏళ్ల కుర్రాడు

చేతిలో సీసా, భుజాన శాలువా, పక్కన కుక్క. లవ్ ఫెయిలైనోడి మీద ఎవరు మీమ్ చేసినా ఇప్పటికీ ఈ సరంజామా ఉండాల్సిందే. సినిమా వచ్చింది 1953లో. మనలో సగం మంది దాన్ని పూర్తిగా చూసి ఉండం. 'మహానటి'లో నాగచైతన్య వాళ్ల తాతగారి వేషంలో కనిపించినప్పుడు థియేటర్లో ఈల వేసిన బ్యాచే మనమంతా. అయినా దేవదాసు అనగానే అక్కినేని, సావిత్రి, ఘంటసాల అని మూడు పేర్లు టకటకా చెప్పేస్తాం. మరి ఆ పాటలకి సంగీతం ఎవరండీ అంటే? అక్కడ ఫోన్ తీయాల్సిందే.

ఆయన పేరు సి.ఆర్. సుబ్బరామన్. దేవదాసు విడుదలైంది 1953 జూన్ 26న. సుబ్బరామన్ చనిపోయింది 1952 జూన్ 27న. అంటే ఏడాదికి ఒక్క రోజు తక్కువ. అప్పటికి ఆయన వయసు 28. ఇది చదువుతున్న మీలో చాలామందిది ఆ వయసే. నాదీ అంతే, ఓ ఏడాది అటూ ఇటూ. మనం ఈ వయసులో అప్రైజల్ రేటింగ్ గురించి గొడవ పడుతుంటాం. ఆయన ఈ వయసుకి తెలుగులో, తమిళంలో బోలెడు సినిమాలకి సంగీతం చేసేసి, చేతిలో ఉన్న రెండు మూడు సినిమాలు సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

నిజానికి నేను ఈయన దగ్గరికి వచ్చింది తెలుగు పాటల దారిలో కాదు, అమెరికా జాజ్ దారిలో. 1930ల్లో అక్కడ 'స్వింగ్' అని ఓ ఊపు వచ్చింది. పదిహేను మంది దాకా ఉండే పెద్ద బ్యాండు, దానికి డ్యాన్సు చేసే జనం. ఆ కాలంలో పియానో ముందు కూర్చుని మొత్తం బ్యాండుకి ఎవరు ఎప్పుడు ఏం వాయించాలో రాసిపెట్టిన మనుషులున్నారు. వాళ్లని అరేంజర్లు అంటారు. వాళ్ల గురించి చదువుతుంటే, అదే రోజుల్లో మన మద్రాసులో అలాంటి పని ఎవరు చేశారబ్బా అనిపించింది. వెతుక్కుంటూ పోతే సుబ్బరామన్ తగిలాడు. ఆయన జాజ్ వాయించలేదు, అది ముందే చెప్పేస్తున్నా. కానీ చేసిన పని అలాంటిదే.

అరేంజర్ అంటే ఏంటో మన కోనసీమ వాళ్లకి చెప్పడం చాలా తేలిక. అమలాపురం కానీ, రాజోలు కానీ, కొత్తపేట కానీ, పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం చూడనోళ్లు ఎవరున్నారు? క్లారినెట్ ఆయన పల్లవి ఎత్తుకోడానికి ముందు ఓ చిన్న బిట్ వాయిస్తాడు. పల్లవి ఇంకా మొదలవ్వదు. అయినా అరుగు మీద కూర్చున్న పెద్దాయన, "ఆయ్, అదేనండి" అని పాట పేరు చెప్పేస్తాడు. ఆ బిట్ గాయకుడు పాడింది కాదు, కవి రాసింది కాదు. పాట మధ్యలో గాయకుడు ఊపిరి తీసుకునే చోట ఫ్లూట్ రావాలా, వయొలిన్లు రావాలా? చరణం అయ్యాక తబలా ఆగాలా, నడవాలా? ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. ఆ కూర్చునే మనిషే అరేంజర్.

స్వింగ్ బ్యాండుల కిటుకు కూడా మనకి కొత్తదేం కాదు. బుర్రకథలో కథకుడు ఓ మాట అంటాడు, వంతలు ఇద్దరూ అందుకుంటారు. స్వింగ్‌లో శాక్సఫోన్ల గుంపు ఓ మాట అంటే ట్రంపెట్ల గుంపు అందుకుంటుంది. ఈ పద్ధతిని గట్టిగా నిలబెట్టినవాళ్లలో ఫ్లెచర్ హెండర్సన్ ఒకడు. పియానిస్టు, అరేంజరు. ఈయన కథ ఇంజినీరింగ్ చదివిన మనకి భలే తగుల్తుంది. అట్లాంటా యూనివర్సిటీలో కెమిస్ట్రీ డిగ్రీ చేసి 1920లో న్యూయార్క్ వచ్చాడు. నల్లజాతి కుర్రాడికి ల్యాబులో కుర్చీ వేసే రోజులు కావవి. దాంతో పాటలు అచ్చేసే కంపెనీలో పియానో వాయిస్తూ, వచ్చిన కస్టమర్లకి పాటలు వినిపించే పనిలో చేరాడు. అక్కణ్ణుంచి సొంత బ్యాండు. 1924లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చి ఆ బ్యాండులో ట్రంపెట్ వాయించాడంటే ఎంత పేరో చూసుకోండి.

కానీ డబ్బు లెక్కలు ఆయనకి ఒంటబట్టలేదు. 1934కి బ్యాండు చెదిరిపోయింది. అప్పుడు తన అరేంజ్‌మెంట్లని బెన్నీ గుడ్‌మన్ అనే తెల్లజాతి క్లారినెట్ విద్వాంసుడికి అమ్మాడు. గుడ్‌మన్ బ్యాండు వాటిని రేడియోలో వాయించింది. 1935 ఆగస్టు 21న లాస్ ఏంజెలెస్‌లోని పాలోమార్ హాల్లో వాయిస్తే జనం ఊగిపోయారు. స్వింగ్ కాలం ఆ రాత్రే మొదలైందని చాలామంది లెక్క. 'కింగ్ ఆఫ్ స్వింగ్' బిరుదు గుడ్‌మన్‌కి వెళ్లింది. గుడ్‌మన్ చెడ్డవాడేం కాదు, హెండర్సన్ గొప్పతనం గురించి నలుగురిలో చెప్పినవాడే, 1939లో తన దగ్గరే ఉద్యోగం కూడా ఇచ్చాడు. అయినా బిరుదు బిరుదే కదా. హెండర్సన్‌కి 1950లో పక్షవాతం వచ్చింది. 1952 డిసెంబరులో పోయాడు. సుబ్బరామన్ పోయిన ఏడాదే. తర్వాత 1961లో ఆయన రికార్డులన్నీ కలిపి ఓ సెట్ వేసి, దానికి 'ఎ స్టడీ ఇన్ ఫ్రస్ట్రేషన్' అని పేరు పెట్టారు. పేరు కొంచెం ఓవర్ అనిపిస్తుంది నాకు. కానీ తప్పని అనలేను.

అక్కడా ఇక్కడా ఒకేలా ఉన్నది ఇంకోటుంది. పళ్లెం. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు. ఒక వైపు మూడు నిమిషాలు, ఇంకొంచెం లాగితే మూడున్నర. అంతే. న్యూయార్క్‌లో హెండర్సన్‌కి అదే కొలత, మద్రాసులో హెచ్‌ఎంవీ వాళ్లకి అదే కొలత. గంటసేపు ఆలాపన చేసే విద్వాంసుడైనా సరే, పళ్లెం మీదకి ఎక్కాలంటే మూడు నిమిషాల్లో ముగించాలి. రీల్స్ 90 సెకన్లలో అవ్వాలని ఆ మధ్య మనం తిట్టుకునేవాళ్లం కానీ, ఈ బాధ పాతదే. ఆ మూడు నిమిషాల్లో ముందు బిట్ ఎంత, పల్లవి ఎంత, మధ్యలో వాయిద్యాలకి ఎన్ని సెకన్లు అని లెక్కగట్టడమే అరేంజర్ పని. సుబ్బరామన్ చదువుకున్న బడి అదే.

తిరునల్వేలి దగ్గర చింతామణి అనే ఊరు. సి.ఆర్.లోని 'సి' అదే. 1924 మే 18న పుట్టాడు. తెలుగు మూలాలున్న కుటుంబం. తమిళ దేశంలో ఇలా తరాల కిందటే వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కర్ణాటక సంగీతం నేర్చుకుని, 16 ఏళ్లకి మద్రాసు హెచ్‌ఎంవీలో హార్మోనియం వాయించే పనిలో చేరాడు. మనం ఇంటర్ సెకండియర్‌లో ఎంసెట్ కోచింగ్‌కి వెళ్లే వయసు. అక్కడే పియానో కూడా పట్టేశాడు. ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ కాదు. హార్మోనియంలో ఒక చెయ్యి తిత్తి ఊపుతుంది, ఇంకో చెయ్యి గాయకుడి వెంట నడుస్తుంది. పియానో మీద రెండు చేతులూ ఖాళీ. కుడి చెయ్యి పాట నడిపిస్తుంటే ఎడమ చెయ్యి దానికింద వేరే మాట మాట్లాడుతుంది. మన సంగీతంలో రాగం ఒకే దారిలో పోతుంది. దానికింద ఇంకో దారి వెయ్యొచ్చు అన్న ఆలోచన, పియానో ముందు కూర్చున్నవాడి వేళ్లకి తనంతట తనే వస్తుంది. ఆ రోజుల్లో సినిమా సంగీతం మార్చినవాళ్లలో కీబోర్డు మనుషులు అంతమంది ఎందుకున్నారంటే ఇదేననుకుంటాను.

మొదటి సినిమా 1943 నాటి 'చెంచులక్ష్మి'. వయసు 19. తర్వాత భానుమతి, రామకృష్ణ దంపతుల భరణీ పిక్చర్స్ వాళ్ల మొదటి సినిమా 'రత్నమాల'కి ఈయనే. అందులో ఆయనకి సహాయకుడిగా చేసిన మనిషి ఎవరో తెలుసా? ఘంటసాల వెంకటేశ్వరరావు. అవును, ఆ ఘంటసాలే. వయసులో ఘంటసాల పెద్ద, 1922లో పుట్టారు. పనిలో మాత్రం సుబ్బరామన్ సీనియర్. ఈ తిరకాసు ఆయన గుంపులో ఇంకా ఉంది. వయొలిన్ వాయించే టి.కె. రామమూర్తి కూడా ఆయనకంటే రెండేళ్లు పెద్ద. హార్మోనియం పట్టుకున్న ఎం.ఎస్. విశ్వనాథన్ మాత్రం నాలుగేళ్లు చిన్న. తనకన్నా పెద్దవాళ్లని టీమ్‌లో పెట్టుకుని పాతికేళ్లకే లీడ్ చేయడం ఎలా ఉంటుందో ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

1949లో వచ్చిన 'లైలా మజ్ను' ఆయన పేరుని గట్టిగా నిలబెట్టింది. భానుమతి, ఘంటసాల గొంతులు, ఎడారి కథ. మన తెలుగు గొంతులకి అరబ్బు వాసన ఎక్కడ ఎంత అద్దాలో ఆయనకి తెలుసు. 1950లో 'స్వప్నసుందరి', 1951లో 'స్త్రీ సాహసం', 1952లో 'ప్రేమ'. ఇంకోపక్క తమిళం. 'రాజముక్తి', 'నల్లతంబి', 'మణమగళ్'. ఎం.ఎల్. వసంతకుమారి లాంటి కచేరీ గాయని సినిమాకి పాడుతుంటే, ఆ గొంతు కింద ఏ వాయిద్యం ఎంత మెత్తగా నడవాలో చూసుకున్నది ఈ కుర్రాడే.

అప్పటి రికార్డింగ్ ఎలా ఉండేదో ఓసారి ఊహించుకోండి. ఇప్పట్లా డ్రమ్స్ ఇవాళ, వయొలిన్ రేపు, గొంతు ఎల్లుండి అని ట్రాకులు పేర్చుకోవడం లేదు. గాయకుడు, వాయిద్యాలు అందరూ ఒకేసారి. ఎవడు ఎంత గట్టిగా వినపడాలో సరిచేయడానికి స్లైడర్లు లేవు. మైకుకి ఎవరు ఎంత దూరంలో కూర్చోవాలన్నదే మిక్సింగ్. చివరి చరణంలో ఫ్లూట్ ఆయనకి దగ్గొస్తే మొత్తం మళ్లీ మొదట్నుంచి. కంట్రోల్ జెడ్ లేని ప్రపంచం అది. కాబట్టి రిహార్సల్‌కి ముందే అంతా బుర్రలో ఉండాలి.

బొంబాయిలో ఈ పని రెండుగా చీలిపోయింది. సంగీత దర్శకుడు బాణీ కట్టేవాడు. దాన్ని ఆర్కెస్ట్రాకి స్టాఫ్ నొటేషన్‌లో రాసిచ్చేది చాలాసార్లు గోవా నుంచి వచ్చిన సంగీతకారులు. వాళ్లలో చాలామంది పగలు సినిమా స్టూడియోలో, రాత్రి హోటల్ జాజ్ బ్యాండులో వాయించేవారు. 'అల్‌బేలా'లో సి. రామచంద్రకి సహాయం చేసిన ట్రంపెట్ వాద్యకారుడు చిక్ చాకొలెట్, సెబాస్టియన్ డిసౌజా, ఆంథొనీ గొన్సాల్వెస్. ఈ చివరి పేరు ఎక్కడో విన్నట్టుంది కదూ? 'అమర్ అక్బర్ ఆంథొనీ'లో గుడ్డులోంచి బయటకొచ్చి అమితాబ్ పాడే పాటలో ఉన్నది ఆయన పేరే. లక్ష్మీకాంత్ ప్యారేలాల్‌లోని ప్యారేలాల్‌కి వయొలిన్ గురువు. తెర మీద పేరు పడని మనిషికి శిష్యుడు అలా ఓ పాటతో బాకీ తీర్చాడు. మద్రాసులో సుబ్బరామన్ తరంలో ఈ గోడ ఇంత గట్టిగా లేదు. బాణీ కట్టేవాడే, అసిస్టెంట్లని పక్కన పెట్టుకుని, వాయిద్యాల సంగతీ చూసుకునేవాడు. అందుకే ఆయన్ని అరేంజరా, కంపోజరా అని విడదీయబోతే కుదరదు.

ఇక దేవదాసు. వినోదా పిక్చర్స్ సంస్థ. డి.ఎల్. నారాయణ, వేదాంతం రాఘవయ్య, సముద్రాల రాఘవాచార్య, వాళ్లతో పాటు సుబ్బరామన్ కూడా ఆ సంస్థలో భాగస్వామి. అంటే జీతానికి బాణీలు కట్టినవాడు కాదు, సొంత ఇంటి పని. శరత్ నవల, రాఘవయ్య దర్శకత్వం, సముద్రాల మాటలూ పాటలూ. తెలుగు, తమిళం రెండిట్లో తీశారు. రెండు భాషల్లోనూ దేవదాసుకి ఘంటసాల గొంతే. ఒకే బాణీ మీద రెండు భాషల మాటలు కూర్చోవాలి. అదే టైములో భానుమతి తొలిసారి దర్శకత్వం చేస్తున్న 'చండీరాణి' కూడా ఆయన చేతిలోనే ఉంది. అది తెలుగు, తమిళం, హిందీ మూడింటిలో. పాన్ ఇండియా అని మనం ఇప్పుడు కొత్తగా డప్పు కొట్టుకుంటున్నది అప్పుడే ఉందన్నమాట.

'అంతా భ్రాంతియేనా' పాట ఎప్పుడైనా విన్నారా? పార్వతి బాధ మొత్తం ఉన్న పాట అది. పాడింది కె. రాణి. అప్పటికి చిన్నపిల్ల. పెళ్లి, ఎడబాటు, ఇలాంటి మాటల బరువేంటో తెలిసే వయసు కూడా కాదు. నాకైతే ఈ ఎంపిక చాలా ధైర్యమైనదనిపిస్తుంది. పెద్దావిడ గొంతుతో పాడిస్తే ఏడుపు ఎక్కువైపోయేది. పిల్ల గొంతు ఏడవదు. నిటారుగా, సన్నగా వెళ్లిపోతుంది. ఏడుపు మన వంతు అవుతుంది. సావిత్రి ముఖం మీద ఆ గొంతు సరిగ్గా అతికిపోయింది.

1952 జూన్ 27. సుబ్బరామన్ లేడు. సినిమా ఇంకా పూర్తవలేదు. విశ్వనాథన్‌కి మూడు రోజుల కిందటే 24 నిండాయి. రామమూర్తికి 30. మిగిలిన పని వాళ్లిద్దరూ భుజానేసుకున్నారు. 'చండీరాణి'లో మిగిలింది కూడా విశ్వనాథనే పూర్తి చేశాడు.

ఇక్కడ నాకు మా వృత్తి గుర్తొస్తుంది, క్షమించాలి. ఒకరు మధ్యలో వదిలేసిన కోడ్‌ని ఇంకొకరు పూర్తి చేస్తే, అతుకు ఎక్కడుందో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. పేర్లు పెట్టే పద్ధతి మారుతుంది, ఖాళీలు మారతాయి, కామెంట్లలో తిట్లు మొదలవుతాయి. పైగా కొత్తగా వచ్చినవాడికి తన ముద్ర వెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. పాతికేళ్ల వయసులో ఇండస్ట్రీ మొత్తం చూసే సినిమా చేతికొస్తే, ఇది నేను చేశాను అని చూపించుకోవాలని ఎవరికుండదు? దేవదాసు పాటలు మొదట్నుంచి చివరిదాకా వరసగా వినండి. గురువు ఎక్కడ ఆగాడో, శిష్యులు ఎక్కడ అందుకున్నారో నా చెవికి అతుకు దొరకలేదు. సినిమా సంగీతం అంటే ఇప్పటికీ జనం చెప్పుకునేది సుబ్బరామన్ పేరే. తమ పేరు వినపడకుండా పని చేయడం కూడా ఓ విద్యే. ఆ విద్య వాళ్లు ఆయన దగ్గరే నేర్చుకుని ఉండాలి.

తర్వాత వాళ్లేం చేశారన్నది అందరికీ తెలిసిన కథ. అదే 1952లో ఎన్.ఎస్. కృష్ణన్ తీసిన తమిళ 'పణం'తో విశ్వనాథన్ రామమూర్తి జంట పేరు తెర మీదకి వచ్చింది. 1965లో విడిపోయేదాకా తమిళ పాట వాళ్ల చుట్టూనే తిరిగింది. మనకి విశ్వనాథన్ అంటే 'అంతులేని కథ', 'మరోచరిత్ర', 'ఆకలి రాజ్యం'. ఇవి మీ అమ్మానాన్నల ప్లేలిస్టులో గ్యారంటీగా ఉంటాయి. ఘంటసాల సంగతి చెప్పేదేముంది, గాయకుడిగానే కాక సంగీత దర్శకుడిగా 'మాయాబజార్' దాకా వెళ్లాడు. శంకర్ గణేష్ జంటలో శంకర్, సుబ్బరామన్ సొంత తమ్ముడు. 28 ఏళ్లే బతికిన మనిషి గదిలోంచి ఇంతమంది బయటకొచ్చారు.

ఈ గది పద్ధతి ఇప్పటికీ పోలేదు. ఎ.ఆర్. రెహమాన్ రాజ్ కోటి దగ్గర కీబోర్డు వాయించాడు. థమన్ మణిశర్మ దగ్గర పనిచేశాడు. ఇవాళ మీరు లూపులో వింటున్న పాటలో ఆ మొదటి ఎనిమిది సెకన్ల బిట్ ఉంది చూడండి, మీరు రింగ్‌టోన్‌గా పెట్టుకున్నది. అది పెట్టిన ప్రోగ్రామర్ ఎవరో యాప్‌లో క్రెడిట్స్ నొక్కితే కొన్నిసార్లు దొరుకుతుంది, చాలాసార్లు దొరకదు. హెండర్సన్ రోజుల్లో పళ్లెం మీద కాగితం చిన్నది, పేర్లన్నీ పట్టేవి కాదు అనుకుందాం. ఇప్పుడు స్క్రీన్ ఎంత కిందకైనా స్క్రోల్ అవుతుంది కదా. చోటు లేదని చెప్పడానికి వీల్లేదు.

సుబ్బరామన్‌ని వినాలనుకుంటే దేవదాసుతో మొదలుపెట్టకండి. ఆ పాటలు మనకి మరీ అలవాటైపోయాయి, వాయిద్యాల మీదకి దృష్టి పోదు. ముందు 'లైలా మజ్ను' పెట్టండి, తర్వాత 'స్వప్నసుందరి', ఆఖర్న దేవదాసు. ఘంటసాల ఆపిన చోట మీరు ఆగిపోకుండా, ఆ ఖాళీలో ఏం వాయించారో చూడండి. ఖరీదైన హెడ్‌ఫోన్సేం అక్కర్లేదు. అప్పటి రికార్డింగ్ మోనో, కుడి చెవికీ ఎడమ చెవికీ వచ్చేది ఒకటే. ఒక ఇయర్‌బడ్ మీరు పెట్టుకుని, రెండోది పక్కనున్న నానమ్మకిచ్చేయండి. మాటలు మర్చిపోతే ఆవిడే అందిస్తుంది.